మామ్మ కుట్టేసిన రెండో అధ్యాయం

మా చిన్నప్పుడు మా ఇంట్లో హత్యలకు అనుమతి ఉండేది... ప్రేమలకు లేదు.

శ్రీకాకుళం బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు ఒకటి ఉండేది. మా చిన్నాన్న అక్కడి నుంచి అరచేతిలో ఇమిడే డిటెక్టివ్ నవలలు తెచ్చేవాడు. ఆయన చదివేశాక పుస్తకం మా మామ్మ చేతికి వెళ్లేది. మామ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. రెండో అధ్యాయం అంకె కనబడగానే, అక్కడి నుంచి అట్ట దాకా పేజీలన్నీ కలిపి, బొంతలు కుట్టే దబ్బనంతో అంచున నాలుగు కుట్లు వేసేది. ఆ తర్వాతే పుస్తకం నాకు.

"మొదట్ల శవమే కదా ఉంటాది, సదువుకోనీ. శవాన్ని సూస్తే బయపడి పెందలాడే పడుకుంటాది. ఎనక పేజీల్ల ఆ ప్రేమలూ గీమలూ సూసిందనుకో... ఇంక పడుకోదు" అనేది చిన్నాన్నతో.

పిల్లల పెంపకం మీద ఇంతకన్నా తెలివైన మాట నేను బి.ఇడి.లో కూడా వినలేదు.

కుట్టు విప్పి చూడొచ్చు కదా అంటారు. విప్పగలను. మళ్లీ మామ్మలా ముడి వేయడం నాకు రాదు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఆవిడే దారం తీసేసేది. కొట్టాయన "మీ పుస్తకాలకే ఈ సిల్లులేటి బాబూ?" అంటే, చిన్నాన్న "మా ఇంట్ల ఎలకలు సదువుకున్నవి" అనేవాడు.

అలా నేను మొదటి అధ్యాయాల్లో పండితురాలినయ్యాను. వాన కురిసేది... లోపల గడియ పెట్టిన గదిలో ఫోను మోగేది... ఎవరూ తీసేవారు కాదు. మా వీధిలో ఒక్క ఇంట్లోనూ ఫోను లేదు. అయినా ఆ మోత నాకు వినబడేది. అధ్యాయం చివరి వాక్యం దగ్గర ఎవరో తలుపు తోసేవారు... అంతే, దారం.

ఆ దారం దాకా తెలిసిన కథను మర్నాడు బడికి వెళ్లే దారిలో రూతుకు చెప్పేదాన్ని.

రూతు మా పక్కింటి పిల్ల. వాళ్ల నాన్న మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. వాళ్లమ్మగారు ఇలాంటి పుస్తకాన్ని గడప దాటనిచ్చేవారు కాదు. అందుకని చదవడం నా వంతు, దొంగను పట్టుకోవడం తన వంతు. పొద్దున్న విన్న కథకు సాయంత్రం బడి వదిలేసరికి ముగింపు తయారుగా ఉండేది. తను చెప్పింది నిజమో కాదో తేల్చేవాళ్లు లేరు. చిన్నాన్నను అడిగితే "పెద్దయినాక సదువుకుందువులే" అనేవాడు.

"శవాన్ని సూసి బెంబేలు పడకే. అక్కడ ఉండవలసింది ఏటి నేదో, ఉండకూడనిది ఏటి ఉన్నాదో... అది సూడు" అనేది రూతు. తర్వాత నలభై దాకా పుస్తకాలు... కాదు, లెక్క పెట్టలేదు, ఎన్నో చదివాను. మొదటి అధ్యాయం మనల్ని ఎందుకు పట్టుకుంటుందో అంతకన్నా బాగా చెప్పినవాళ్లు కనబడలేదు.

ఆఖరిసారి చెప్పిన కథ నాకు గుర్తుంది. ముసలాయన కుర్చీలోనే పోయి ఉంటాడు. బల్ల మీద రెండు కాఫీ గ్లాసులు. ఒకటి ఖాళీ. రెండోది నిండుగా, ఇంకా పొగలు కక్కుతూ... ఇంట్లో మరో మనిషి లేడు.

ఆ సాయంత్రం రూతు దొంగ పేరు చెప్పలేదు.

"ఆ రెండో గ్లాసు ఎవులదే?" అని అడిగింది.

"నాకేటి తెలుసు? మామ్మ కుట్టీసినాది."

"ఇప్పీసి సూడవే. ఈ ఒక్కపాలికి."

"ఓలమ్మో, మామ్మ సంపేస్తాది. అయినా ఇంత తొందరేటే నీకు? రేపు నువ్వే సెబుదువులే."

రూతు సంచి భుజానికి తగిలించుకుని వాళ్లింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఆ ఇంటికి తాళం. అరుగు మీద గడ్డి పరకలు, వీధిలో బండి చక్రాల జాడలు. నేను మోకాళ్ల మీద వంగి ఆనవాళ్లు వెతకడం మొదలెట్టాను. అన్యాయం జరిగిందనే అనుకున్నాను. నాకు తెలిసిన కథలన్నీ అలాగే మొదలవుతాయి మరి!

మామ్మ గుమ్మంలోంచి చూసింది. "ఏటే ఆ ఏరుకోడం? కాంపౌండరు బాబుకి బదిలీ అయినాది. పర్లాకిమిడి దాటి ఎక్కడికో ఎల్లిపోనారు. నాలుగు దినాలై సామాన్లు కట్టుకుంతన్నారు గదా... ఆ పిల్ల నీకు సెప్పనేదా?"

చెప్పలేదు. కాదు... చెప్పింది. ఏ రోజూ ముగింపు అడగని పిల్ల ఆ రోజు అడిగింది. ఉండకూడనిది ఎదురుగా ఉంది. నేను చూడలేదు.

పెళ్లయ్యాక ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు అద్దె పుస్తకాల కొట్టు ఎత్తేస్తున్నారు. పాత పుస్తకాల కుప్పలో ఆ రెండు గ్లాసుల నవల దొరికింది. అంచున నాలుగు చిల్లులు. అక్కడే నిలబడి ఆఖరి పేజీ దాకా చదివేశాను. చదివి, అలవాటు కొద్దీ పక్కకు తిరిగాను.

ఇప్పుడు నా ఫోనులోనే ఎన్ని నవలలో! కింద కామెంట్లలో చంపిందెవరో ముందే రాసిపెట్టే మహానుభావులూ ఉన్నారు. వాళ్లకు మామ్మ దబ్బనం చూపించాలి. నేను మాత్రం ఇప్పటికీ మొదటి అధ్యాయం కాగానే పుస్తకం మూసేస్తాను... ఎవరికో చెప్పాలన్నట్టు. కాసేపు చూసి, మళ్లీ నేనే తెరుచుకుంటాను.

మీకూ ఇలా మొదటి అధ్యాయంలోనే ఆగిపోయిన స్నేహం ఉంటే రాయండి. ఓదార్పులు వద్దు, కథ చాలు. పర్లాకిమిడి వైపు ఎవరింట్లోనైనా దొంగల్ని ఇట్టే పట్టేసే రూతు అనే మామ్మ ఉంటే, ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి...

ఒలే రూతూ, కుట్టు ఇప్పీసేనే. ఆ రెండో గ్లాసు ఎవులదో నాకు తెలుసు. ఇంకా ఎవులికీ సెప్పనేదు.