మా ఇంట్లో రెండు డప్పులు

"ఆ డప్పు ఇలా అందుకోవే" అన్నాను మొన్న మా అమ్మాయితో. అది ఇల్లంతా ఓసారి చూసి "కౌన్‌సా డప్పు మమ్మీ? ఫ్రేమ్ బోలో నా" అంది. అంటూనే నా చేతిలో పెట్టింది మాత్రం సరైనదే, కుట్టుపనికి గుడ్డ బిగించుకునే గుండ్రటి చెక్క చట్రం. ఈ హిందీ ఊళ్ళో, మా సిద్ధగోరా పేటలో ఎవర్నడిగినా దాన్ని ఫ్రేమ్ అంటారు, రింగ్ అంటారు. డప్పు అనేది మా అమ్మ ఒక్కత్తే. ఆవిడ నోట్లోంచి నా నోట్లోకొచ్చింది, ఇక పోదు.

అలా అనడానికి పెద్ద కారణమేం లేదు. గుండ్రటి చెక్క, దాని మీద బిగిసిన గుడ్డ. బిగువు సరిపోయిందో లేదో చూడాలంటే మధ్యలో వేలితో చిటికెయ్యాలి. టప్పుమంటే సూది దించొచ్చు. మెత్తగా పలికితే సడలినట్టు, మళ్ళీ మర తిప్పాలి. గోడ మీద మేకుకి వేలాడే అసలు డప్పు దగ్గర మా నాన్న చేసేదీ అదే. తోలు మీద వేలితో కొట్టి, చెవి వంచి వినేవాడు. ఒక్కోసారి పక్కగదిలో మంచం మీద పడుకునుండి, అమ్మ చిటికె చప్పుడు విని "సడిలిపోనాదే, బిగించు" అని అరిచేవాడు. నిజంగానే సడలి ఉండేది. అంత చెవి ఆ మనిషిది. ఆ చెవికి అమ్మ ఏడుపు మాత్రం ఒక్కనాడూ ఎక్కలేదు.

డప్పు కొట్టుకోవడమంటే గొప్పలు చెప్పుకోవడమని అందరికీ తెలుసు. వాయించెయ్యడమంటే చితక్కొట్టడం. "ఆడ్ని వాయించేసారు" అంటే ఏ తాళంలో అని ఎవరూ అడగరు. ఈ మాటలకున్న అర్థాలన్నీ మా ఇంట్లో ఒక్క మనిషే చేసి చూపించేవాడు. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద, పనికి కుదిరాడు. తెలుగువాళ్ళ పెళ్ళికైనా, చావుకైనా, అమ్మవారి పండక్కైనా ముందు నడిచేది ఆయన డప్పే. వాయించడానికి రెండు పుల్లలుండేవి, ఎడమచేతికి సన్నది, కుడిచేతికి లావుది. ఇంట్లో సన్నది నాకు, లావుది అమ్మకి.

నాకూ కోపం ఎక్కువ. నాన్న పోలికే అంటారు చుట్టాలు. నా మొహం మీద అన్నవాళ్ళకి మళ్ళీ మా ఇంట్లో టీ పుట్టలేదు.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. కద్మాలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే సెంటర్ ఒకటుండేది. అక్కడ టీచరు కావాలని తెలిసి అమ్మ వెళ్ళి అడిగింది. మంగళవారం రమ్మన్నారు. సొంతంగా కుట్టిన గుడ్డ ఒకటి తీసుకురావాలి, వాళ్ళ ముందు కూర్చుని ఒక పువ్వు కుట్టి చూపించాలి, అంతే. అమ్మకి అదెంత పని! ఇంటికొచ్చాక బిందెలు తోముకుంటూ "నమస్తే బహన్‌జీ, నమస్తే బహన్‌జీ" అని తనలో తనే అనుకుంటుంటే నేను పడీపడీ నవ్వాను. "నవ్వకే, రేపు నన్నూ టీచరమ్మ అంటారు" అంది. అమ్మ అంత సంబరపడగా చూడటం నాకదే మొదలు.

శుక్రవారం నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నం ఇంకా దిగలేదు. అమ్మ తామర తీగ కుడుతూ పొయ్యి సంగతి మర్చిపోయింది. నాన్న ఒక్క మాట అనలేదు. ఆవిడ ఒళ్ళోంచి రింగు లాగి, దాంతోనే నెత్తి మీద కొట్టాడు. చెక్క రెండు ముక్కలైంది. గుడ్డ పట్టుకుని ఇటూ అటూ చింపాడు. జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నేను అడ్డం వెళితే నా వీపు మీద సన్నపుల్ల ఆడింది. తర్వాత అన్నం దిగింది, తిని పడుకున్నాడు. అమ్మ కన్ను వాచి మూసుకుపోయింది. ఉన్న ఒక్క కంటితోనే విరిగిన రింగుకి దారం చుట్టి, కొత్త గుడ్డ బిగించి, వేలితో చిటికేసి చూసుకుంది. ఆ చప్పుడు వినేసరికి నా ఒళ్ళు మండిపోయింది. వీడికి అందరి ముందూ పరువు పోవాలి, పోయి తీరాలి అనుకున్నాను.

ఆదివారం అమ్మవారి పండగ. వాయించేముందు డప్పుని సెగకి కాచాలి, లేకపోతే తోలు మెత్తబడి పలకదు. ఆ పని పెళ్ళైనప్పటి నుంచీ అమ్మదే. వాకిట్లో పాతగోనె ముక్క అంటించి, డప్పుని నిలబెట్టి, అంచులు తిప్పుతూ తిప్పుతూ కాచేది. ఆవేళ పొద్దున్నే కుళాయి వచ్చింది. "నీళ్ళు పట్టుకొచ్చి కాత్తాను, నువ్వు ముట్టుకోకు" అని బిందె పట్టుకుపోయింది. నాన్న స్నానానికి వెళ్ళాడు. ఇంట్లో నేను, డప్పు, ఎర్రగా రాజుకున్న బొగ్గుల పొయ్యి.

డప్పు మొహాన్ని బోర్లా పొయ్యి మీద పెట్టేశాను. కమురు వాసన వచ్చేదాకా తియ్యలేదు. తీసి చూస్తే నడిమధ్య చెయ్యంత మేర గోధుమరంగు తిరిగింది. దాని మీద పసుపు దట్టంగా పూసి, కుంకుమ బొట్లు పెట్టాను. నాన్న తల తుడుచుకుంటూ వచ్చి, పసుపు చూసి కళ్ళకద్దుకున్నాడు. వేలితో కొట్టి చూశాడు. ఎండిన తోలు కదా, ఖంగుమంది. బాగుందన్నట్టు తలూపి భుజానికి తగిలించుకున్నాడు. వెనకాలే నేనూ పోయాను, చూడాలని.

ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్ళు బారు తీరారు. డప్పుల వాళ్ళందరికీ ముందు నాన్న. లావుపుల్ల పైకెత్తాడు. మొదటి దెబ్బ బాగానే పలికింది. రెండోదీ పలికింది. మూడో దెబ్బకి తోలు ఈ చివర నుంచి ఆ చివరకి చీలిపోయింది. పుల్ల లోపలికి దిగబడి ఇరుక్కుంది. పిల్లలు పగలబడి నవ్వారు. ఒక పెద్దాయన "ఇదేం అపశకునంరా, పక్కకి తప్పుకో" అన్నాడు. నాన్న మొహం నల్లబడింది. నాకెంత ఆనందం వేసిందో చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను పరిగెత్తి ఇంటికొచ్చి అమ్మకి చెప్పేలోపే ఆయనొచ్చాడు. చిరిగిన డప్పు నేల మీద పడేశాడు. పసుపు రాలి మాడిన మచ్చ బయటపడి ఉంది. దాని మీదికి వంగి, వేలితో గీకి చూశాడు. "ఎవులు కాసార్రా దీన్ని?" అన్నాడు. నా వైపే చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను.

"నానే కాసాను. సూసుకోనేదు, మాడిపోనాది" అంది అమ్మ, నాకూ ఆయనకీ మధ్యకొచ్చి. కుడిచెయ్యి అడ్డం పెట్టింది.

ఆ చేతి మీద కొట్టాడు. గడపకి అదిమిపట్టి లావుపుల్లతో కొట్టాడు. పక్కింటాయన వచ్చి "అరే భాయ్, బస్ కరో" అని లాగుతున్నా కొట్టాడు. పుటుక్కుమన్న చప్పుడు నాకు వినబడింది. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. తెరిచిన నోరు తెరిచే ఉంది. అందులోంచి ఒక్క మాట రాలేదు. "నేనే చేశాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. భయం. దానికి ఇంకే పేరూ పెట్టను.

కుళాయి దగ్గర జారిపడ్డానని ఆసుపత్రిలో చెప్పింది. చూపుడువేలూ నడిమివేలూ వంకరగా అతుక్కున్నాయి. మంగళవారం ఆ కట్టుతోనే కద్మా వెళ్ళింది. నమస్తే బహన్‌జీ అందట. వాళ్ళు జాలిపడి, చెయ్యి బాగయ్యాక రమ్మన్నారు. ఆ చెయ్యి బాగవలేదు. సూది పట్టుకుంటే జారిపోయేది. దారం చుట్టిన ఆ రింగు నా ఒళ్ళో పెట్టి, పక్కన కూర్చుని నోటితో నాకు పని నేర్పింది. అలా నేర్చిన పనే నాకివాళ అన్నం పెడుతోంది. నది మీది మాంగో వంతెన అవతల నుంచి కూడా పెళ్ళి జాకెట్లు నా దగ్గరికే వస్తాయి. నాన్న డప్పుకి కొత్త తోలు వేయించుకుని, మళ్ళీ ఏడాది మళ్ళీ ముందు నడిచాడు.

ఆయన పోయి మూడేళ్ళు. అమ్మా, ఆ డప్పూ ఇప్పుడు నా దగ్గరే. మొన్న మా అమ్మాయి ఫ్రేమ్ అన్న పూటే, గుడ్డ బిగిస్తూ, పక్కన కూర్చున్న అమ్మ మొహం చూడకుండా చెప్పేశాను. "అమ్మా, ఆవేళ డప్పు కాల్చింది నేనే."

"తెల్సు" అంది అమ్మ. "మీ నాన్నకీ తెల్సు."

నా చేతులు ఆగిపోయాయి. "ఆయనకెలా తెలుసు?"

"ఎన్నేళ్ళు కాయించుకున్నాడే నాసేత? నానెప్పుడూ అంచులే కాత్తాను. నడిమిన మాడిందంటే అది నా పని కాదని సూడగానే తెలిసిపోనాది ఆ మడిసికి."

"మరి నిన్నెందుకు కొట్టాడు?"

"ఎవుల్నో ఒకల్ని కొట్టాలి గదా" అంది. "నా సెయ్యి ముందున్నాది."

ఇరవయ్యేళ్ళ పైన నేను మోసింది, ఆయన మోసపోయి నా బదులు అమ్మని కొట్టాడన్న పాపం. మోసపోలేదు ముండాకొడుకు. తెలిసే విరగ్గొట్టాడు. లేచి గోడకున్న డప్పుని కింద పడేశాను. దాని వెనక దోపిన పుల్లలు రెండూ లాగాను. సన్నది మోకాలికి పెట్టి విరిచాను, పుటుక్కుమంది. లావుది విరగలేదు. గడప మీద ఏటవాలుగా పెట్టి, రెండు కాళ్ళతో ఎక్కి తొక్కాను. మా అమ్మాయి భయపడి గోడకి అతుక్కుపోయి చూస్తోంది. ఎంత తొక్కినా విరగలేదు.