ఒక జాబు, అయిదు సంతకాలు

కేజీఎఫ్ బంగారు గనులు మూతపడిన నాలుగో ఏడు నన్ను బెంగళూరులో ఒక రేడియో కేంద్రంలో, పాశ్చాత్య సంగీత విభాగంలో వేశారు. హోదా ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, ఏ నిమిషానికి ఏ పాట పడాలో రాసిన క్యూ షీటు పట్టుకుని గడియారం ముందు కూర్చోవడమే అసలు పని. శనివారం సాయంత్రం అరగంట రాక్, పాప్ కార్యక్రమం నాది. గొంతూ నాదే.

డిసెంబరు చివరి శనివారం, ఆ ఏడు వచ్చిన కొత్త ఆల్బమ్‌లలో శ్రోతలు మెచ్చినవి వినిపించేవాళ్లం. శ్రోతల సంఘాలు అయిదు ఆల్బమ్‌లను ఎంచి, కారణాలు రాసి, అందరూ సంతకాలు పెట్టి పంపాలి. సంతకం చేసినవారి పేర్లే చదవాలని నిబంధన. అదేమీ ఊరికే పుట్టలేదు. ఒకసారి ఎవరో ప్రేమికుడు తన పేరు పక్కన ఎదురింటి అమ్మాయి పేరు రాసి పంపితే, అది చదివిన మర్నాడు ఆ అమ్మాయి తండ్రి వచ్చి మా గేటు ముందు నిలబడ్డాడు.

కేజీఎఫ్ నుంచి వచ్చే జాబు కోసం నేను ఎదురుచూసేవాణ్ని. అందులో అయిదుగురు, తలా ఒక ఆల్బమ్. సెల్వరాజ్‌కి డ్రమ్ములు మోగాలి. “ఆరో పాట దాకా డ్రమ్మర్‌ని కట్టి పడేశారు, ఓపిక పట్టండి” అని ఒక ఏడు రాశాడు. రత్నానికి ఆడగొంతూ పియానో ఉంటే చాలు. జాన్ చర్చిలో పాడేవాడట, నాలుగు గొంతులు కలిసే చోటు వెతుకుతాడు. మునిరాజుకి ఏదీ ఓ పట్టాన నచ్చదు. తాను మెచ్చిన ఆల్బమ్‌లోనే రెండు పాటలు తీసేయమంటాడు. అయిదోవాడు సామ్యూల్, జాబు రాసేది ఆయనే. ఇంత ముచ్చటగా తగవులాడుకునే సంఘం నాకు మరొకటి తగల్లేదు. మూడేళ్లు వరసగా వాళ్ల జాబు చదివాను.

నాలుగో ఏడు వాళ్ల గొంతులే వినిపిద్దామని, టేప్ రికార్డరు భుజాన వేసుకుని పొద్దున్నే రైలెక్కాను. గని కార్మికులకు కట్టిన వరస ఇళ్లలో సామ్యూల్ తలుపు తీశాడు. ఆయన వైండింగ్ ఇంజను నడిపినవాడు. అంటే గంట సంకేతాన్ని బట్టి, మనుషులున్న బోనును గనిలోకి దించి మళ్లీ పైకి తెచ్చే పని. ఇప్పుడు ఏ పనీ లేదు. గదిలో క్యాసెట్ ప్లేయరు ముందు ఒక కుర్చీ ఉంది. నాలుగు మడత కుర్చీలు గోడకు ఆనించి ఉన్నాయి. మిగతావాళ్లు ఎన్నింటికి వస్తారని అడిగాను.

“ఎవురూ రారు సార్. గని మూసినాక అందురూ పోయినారు. సెల్వరాజ్ మాలూరు పక్క ఏదో ఫ్యాక్టరీలో ఉండాడంట. మిగిలినోళ్లు యాడ ఉండారో తెలీదు.”

మరి సంతకాలు?

“నేనే చేసినాను. తప్పే. కానీ కొత్త క్యాసెట్టు ఇనేటప్పుడే తెలిసిపోతాది సార్, ఇది మునిరాజుకి పడదు, ఇది రత్నం మళ్లా ఏయమంటాడు అని. శనివారమైతే అందురం ఈడ్నే కూసోని ఇనేవాళ్లం. రేడియోలో పేరు ఇంటే ఎవురన్నా ఒక జాబు రాస్తారని... ఇంగ ఎవురూ రాయలా. పేర్లు మాత్రం తీసేయొద్దు సార్.”

చూస్తానన్నాను. ఖాళీ టేపుతో తిరిగి వచ్చాను. జాలి కలిగిన మాట నిజమే, కానీ నిబంధన దగ్గర నేను మొండివాణ్ని. ఆ శనివారం అయిదు ఆల్బమ్‌లూ వినిపించి, కారణాలన్నీ చదివి, పేరు సామ్యూల్ ఒక్కడిదే చెప్పాను. అంత పనీ చేసిన మనిషి పేరొక్కటే చెప్పడం ఆయనకు గౌరవమేనని నన్ను నేను ఒప్పించుకున్నాను కూడా. తర్వాతి డిసెంబరులో జాబు రాలేదు.

ఆపై వేసవిలో కార్మికుల కార్యక్రమం కోసం మాలూరులో ఒక ఫ్యాక్టరీకి వెళ్లాను. మైకు సరిచూసుకుంటూ రెండు ముక్కలు మాట్లాడానో లేదో, గేటు దగ్గరి వాచ్‌మన్ లేచి వచ్చాడు.

“శనివారం రేడియో సారే కదా మీరు? నేను సెల్వరాజ్ సార్, కేజీఎఫ్. మూడేండ్లు నా పేరు చెప్పి డ్రమ్ముల పాట ఏస్తిరి.”

విని కూడా సామ్యూల్‌కి ఎందుకు రాయలేదని అడిగాను.

“ఏమని రాసేది సార్, గేటు కాడ కూసోనుండానని రాసేదా? ఐనా ఆ నాలుగో ఏడు ఇన్‌లాండ్ లెటరు తెచ్చిపెట్టుకుంటి, పేరు ఇనేసి రాద్దామని. వాని పేరొకటే వచ్చినాది. సరే, ఇంగ మమ్మల్ని ఇడిసిపెట్టినాడు అనుకుంటి.”

జరిగిందంతా చెప్పి, ఆయన చిరునామా రాసుకుని, ఆ సాయంత్రమే సామ్యూల్‌కి కార్డు వేశాను. “ఇల్లు ఖాళీ చేశారు” అన్న పోస్ట్‌మన్ చేతిరాతతో అది తిరిగి వచ్చింది. సెల్వరాజ్ స్వయంగా వెళ్లి వాకబు చేశాడు. సామ్యూల్ ఎక్కడికి వెళ్లాడో చుట్టుపక్కల ఎవరికీ తెలియలేదు.

రిటైరయ్యేదాకా జాబుల్లో ఉన్న పేర్లన్నీ చదివాను, సంతకాలు పోల్చలేదు. దానికి రెండుసార్లు సంజాయిషీ రాసిచ్చాను. ఏటా చివరి శనివారం ఆ అయిదు పేర్లు కూడా చదివాను. సామ్యూల్ నుంచి కబురు లేదు. సంతకం ఎవరిదో చూడమని నిబంధన చెప్పింది. ఆ పేరు కోసం ఎవరు రేడియో దగ్గర కూర్చుని ఉన్నారో ఆలోచించడం నా పని. అది నేను చేయలేదు.