సుగ్గి నడక

సరిహద్దులోని సైనిక పోస్టుకు చేరేసరికి పగలు పదకొండున్నర. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. చలి సున్నాకు పన్నెండు డిగ్రీలు కింద. ఒక బంకరు, ఏడుగురు మనుషులు, చుట్టూ మంచు. మైదుకూరు ఎండల్లో పెరిగినవాణ్ణి. అంత తెలుపు ఎన్నడూ చూడలేదు. అప్పుడు నాకు ఇరవై ఒకటి.

మాది పేరున్న ఇల్లు. భూములు పోయాయి, పేరు మిగిలింది. ఆ ఇంట్లో చిన్నప్పుడు నేనేం పగలగొట్టినా తిట్లు ఇంట్లో పనిచేసే జీతగాడికి పడేవి. లోకమంతా అంతేననుకున్నాను.

పోస్టులో తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండోవాడు రేడియో ఆపరేటరు. కోసిగివాడు, నా ఈడువాడే. అక్కడ మంచు కరిగిస్తేనే నీళ్ళు. అందుకు కిరోసిన్ కావాలి. ఇరవై లీటర్ల క్యాన్లు కింద సరుకు నిల్వ ఉంచే డంపు నుంచి వీపున కట్టుకుని మోసుకురావాలి.

ఆరో వారంలో ఆదేశం వచ్చింది. ఇద్దరూ వెళ్ళి రెండు క్యాన్లు తేవాలి. మధ్యాహ్నం రెండుకు మంచు తుఫాను వస్తుందన్నారు, ఆ తర్వాత మూడు రోజులు దారి మూత. క్యాన్లతో తిరిగి వస్తుంటే పొద్దున పదికి, తాడు కట్టిన ఏటవాలు దగ్గర, నా వీపు పట్టీ తెగింది.

"నెత్తిన పెట్టుకోప్పా. తాడుకు రెండు చేతులూ కావల్ల," అన్నాడు కోసిగివాడు.

"మా ఇంట్లో మగవాళ్ళు నెత్తిన బరువు పెట్టుకోరు."

"అయితే మీ ఇంటి బరువంతా మేమే మోసినామేమో!" పకపకా నవ్వాడు.

క్యాన్ ఒక చేత్తో పట్టుకుని ఎక్కాను. ఇరవై అడుగులు. కాలు జారింది. తాడు దొరికింది, క్యాన్ పోయింది. లోయలోంచి చప్పుడు కూడా రాలేదు.

అంతలో రేడియో సెట్టులో, పోస్టు నుంచి మా పై హవల్దారు గొంతు: "రెండు క్యాన్లూ వస్తున్నాయా?"

కోసిగివాడి వైపు చూశాను. పట్టీ పాతదనో, గాలి కొట్టిందనో ఏదో ఒకటి చెబుతాడని. అతను సెట్టు నా చేతికిచ్చాడు.

"నువ్వే చెప్పప్పా. ఈడ నీకు జీతగాళ్ళు ల్యారు."

"ఒకటి నా చేతిలోంచి పోయింది సాబ్. తప్పు నాది. మళ్ళీ దిగి తెస్తాను."

గరగరల మధ్య హవల్దారు: "టైము పదీ పది. వెళ్ళు."

కోసిగివాడు తన క్యాన్‌ను ఆ తాడు బిగించిన మేకుకు కట్టేసి నాతో దిగాడు. డంపు దగ్గర తన మఫ్లరు చుట్టగా చుట్టి నా తలమీద పెట్టి, దానిపైకి ఇంకో క్యాన్ ఎత్తాడు. ఇదెప్పుడు నేర్చుకున్నావని అడిగాను.

"పనుల్యాక ఏటా ఊరు ఇడిసి కూలికని సుగ్గికి పోతాంటిమి గదా. నాకు పదైదేండ్లప్పుడు ఆడ మా నాయన జ్వరంతో పడిపాయ. మేస్త్రీతో మాట్లాడింది నేనే, మూటలు మోసింది నేనే. పెద్దోడివైనావని ఎవరూ చెప్పల్యా. చెప్పేదానికి యాళ ఎవరికుండాది?"

మేకు దగ్గర తన క్యాన్ విప్పాడు. వీపున కట్టుకోలేదు, తనూ నెత్తినే పెట్టుకున్నాడు. "నన్ను జూసి నడు."

ఒకటీ నలభైకి పోస్టు చేరాం.

మూడేళ్ళకు సైన్యంలో నా గడువు ముగిసి ఇంటికొచ్చేశాను. నా ఈడువాళ్ళు కొందరు ఇంకా కర్నూలు కోచింగు గదుల్లోనే ఉన్నారు. ఉద్యోగం లేదు, పెళ్ళి లేదు. "పిల్లోళ్ళు ఇంకా కుదురుకోల్యా," అంటారు పెద్దవాళ్ళు, నన్నూ కలిపి. మా తాతకు పెళ్ళిలో తలపాగా చుట్టిన రోజే పెద్దరికం వచ్చిందట. మాకలాంటి రోజేదీ రాలేదు. నేను వాదించను. ఆ ఏటవాలు మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది.

ఆ రోజు అక్కడ మంచు పడటం మొదలైంది. అతను ముందు, నేను వెనక. నేను వస్తున్నానో లేదో చూడాలి. మెడ తిప్పితే క్యాన్ జారుతుంది. అందుకని ఆగి, తల రవ్వంత కూడా కదలకుండా, మనిషి మొత్తంగా నా వైపు తిరిగాడు.