సబ్బు రాసిన బెల్టు

మొన్న గఢ్‌ముక్తేశ్వర్‌లో గంగ నట్టనడుమ, నిండు ప్రవాహంలో, సుడిగుండానికి బారెడు దూరంలో మా పడవ ఇంజను ఆగిపోయింది. సుడిగుండం మాట వదిలెయ్యండి, అది నేను చేర్చింది. ఒడ్డున టీ కొట్టువాడు గ్లాసులు కడుక్కోవడం కూడా మాకు కనిపిస్తూనే ఉంది. ఇంజను ఆగడం మాత్రం నిజం. ఆగేముందు అది కీచుమని పెట్టిన అరుపూ, వెనకే వచ్చిన కాలిన రబ్బరు వాసనా ఏమిటో, నా వయసువాళ్లలో పాత డీజిలు ఇంజన్లతో కాపురం చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బెల్టు జారుతోంది, నీళ్ల పంపు తిరగడం లేదు, ఇంజను లోలోపల ఉడికిపోతోంది. అలవాటుగా పక్కకు తిరిగి మా తోడల్లుడితో ఆ మాటే అనబోయాను. ఆయన వాళ్లబ్బాయి ఒళ్లో, ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండలో ఉన్నాడు.

మా ఆవిడ చెల్లెలి భర్త ఆయన. నాకంటే చిన్నవాడు, వరస తప్పి ముందు వెళ్లిపోయాడు. మేమిద్దరం కాకినాడ వైపునుంచి వచ్చి, ఢిల్లీలో యమున మీద ఒక ప్రభుత్వ శాఖవారి లాంచీలో కలిసి పనిచేశాం. ఆ లాంచీకి నేను కెప్టెన్ని. కాగితాల్లో హెల్పర్ అని రాసుకునేవారు, అది వాళ్లిష్టం. చుక్కాని నాది, లాంచీ కడుపులో చెక్కమూత కింద ఉన్న ముసలి ఇంజను ఆయనది. నా ఉద్యోగం పర్మినెంటు; ఆయనది ఆ లాంచీ ఉన్నన్నాళ్లే.

ఇంజన్ని చల్లబరచాల్సింది నదిలోంచి తోడుకునే నీళ్లు. ఆ నీళ్లలో అప్పటికే తెల్లటి నురగ, పాలిథిన్ సంచులు, పూజ చేసి పారేసిన దండలు. నీళ్లు వడకట్టే జాలీ మూసుకుపోతే తీసి కడుక్కోవచ్చు. పంపు తిప్పే బెల్టు సాగిపోతే ఏం చేస్తాం? ఆయన పొద్దున్నే మూత ఎత్తి, బెల్టును బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలి మందం దిగితే సరే, అంతకుమించి దిగితే ఆ పూట మాట్లాడేవాడు కాదు. కాశ్మీరీ గేట్‌లో స్పేర్‌పార్టుల కొట్లన్నీ తిరిగినా ఆ సైజు దొరకలేదు. చివరికి ఒక ట్రాక్టరు బెల్టు తెచ్చి వేశాడు. అది కాస్త పొడుగు, ఎంత బిగించినా కీచుమనేది. కీచుమన్నప్పుడల్లా వేగం తగ్గించమని కిందనుంచి చెక్కమీద కొట్టేవాడు, నేను తగ్గించేవాణ్ణి. అలా నెట్టుకొచ్చాం.

ఇక్కడినుంచి మా బంధువులందరికీ తెలిసిన కథ. యమునకు వరద వచ్చింది, పాకల కప్పుల మీద జనం, మా లాంచీ నిండా పిల్లలు, నట్టేట్లో బెల్టు తెగింది. అప్పుడు నేను మా ఆవిడ క్యారేజీకి చుట్టిచ్చిన పాత నైలాన్ చీర చింపి, తాడులా పేని, పుల్లీలకు చుట్టి అందరినీ ఒడ్డుకు చేర్చాను. ఈ కథను పెళ్లిళ్లలో, నామకరణాల్లో, కరోల్ బాగ్‌లో బట్టలు కొనడానికి వెళ్లి కొట్టులో కూర్చుని కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మా తోడల్లుడు ఎదుటే ఉండేవాడు, ఒక్కసారీ కాదనలేదు. చీర దగ్గరకు వచ్చేసరికి మాత్రం, చాలా అమాయకంగా, "ఏ రంగు చీర అన్నయ్యా?" అని అడిగేవాడు. నేనొకసారి నీలమనేవాణ్ణి, ఒకసారి చిలకపచ్చ. ఆయన తలూపేవాడు. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

మొన్న గంగ మీద, పడవవాడు "దో మినట్ బాబూజీ" అని ఇంజను మీద వంగి, ఆవిరి చల్లారడానికి ఎదురుచూస్తుండగా, మా తోడల్లుడి కొడుకు ఉన్నట్టుండి అడిగాడు. నోయిడాలో పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది, నోటికి హిందీయే వస్తుంది. "పెద్దనాన్నా, వో బాఢ్ వాలీ కహానీ మే పాపా కహా థే?"

ఆ వరద కథలో వాళ్ల నాన్న ఎక్కడున్నాడని. ఇన్నేళ్లు విని, తండ్రి కుండలోకి వచ్చాక వెతికితే, వాడికి కథలో ఆయన కనిపించలేదు.

నేనేం తక్కువ తిన్నానా, వెంటనే మొదలుపెట్టాను. ఈసారి వరదలో ఆయన్నే హీరోని చేశాను, చీర ఆయన చేతికే ఇచ్చాను. నిజానికి మొట్టమొదట అల్లినప్పుడు కథ అలాగే ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన్ని కొంచెం కొంచెంగా జరిపి ఆ చోట్లో నేను కూర్చున్నాను. చీర దగ్గరకు వచ్చి, అలవాటుగా ఆగాను. రంగు అడిగే గొంతు రాలేదు. ఆ ప్రశ్న లేకుండా కథ ముందుకు కదల్లేదు.

అప్పుడు వాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వరద లేదు, పిల్లలూ లేరు. ఆ రోజు ఇన్‌స్పెక్షన్. లాంచీ బాగుంటే ఉంచుతారు, లేకపోతే తుక్కు కింద రాసేస్తారు. దానితోపాటు మీ నాన్న ఉద్యోగం పోతుంది. మీ అమ్మను కాపురానికి తెచ్చుకుని అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. ఆఫీసరు ఎక్కేముందు మీ నాన్న జేబులోంచి బట్టల సబ్బు ముక్క తీసి బెల్టుకు రాశాడు. కీచుమంటేనే మంచిది అన్నయ్యా, అది చెబుతుంది, మనం వింటాం అని నాకు నేర్పినవాడే రాశాడు. బెల్టు నోరు మూసుకుంది. నది మధ్యకు వెళ్లేదాకా ఆఫీసరుకు ఇంజను మెత్తగా, హాయిగా వినిపించింది. బెల్టు జారుతూనే ఉంది, ఎవరికీ వినపడలేదు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటాక ఆవిరి చిమ్మింది. దోసకాయలు తెస్తున్న రైతు తన నాటుపడవకు కట్టుకుని మమ్మల్ని ఒడ్డుకు లాగాడు. ఆ సాయంత్రం ఇంట్లో అక్కచెల్లెళ్లిద్దరూ ఎదురుచూస్తుంటే, మీ నాన్న గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడిపోయాడు. ఆ నిశ్శబ్దం భరించలేక నేను వరద తెప్పించాను.

"చీర భీ నహీ?" అన్నాడు వాడు, చీర కూడా లేదా అని. లేదన్నాను. నవ్వబోయి కుండను దగ్గరకు తీసుకున్నాడు. తరవాత, నాన్న ఛాతీలో నొప్పి అని ఇంట్లో కూడా ఎప్పుడూ అనలేదని హిందీలో చెప్పాడు.

పడవవాడు బెల్టు బిగించి, బొటనవేలితో నొక్కి చూశాడు. అలా చూడమన్నది నేనే అని రాయాలనుంది, వాడు నన్నడగలేదు. ఇంజను మళ్లీ కీచుమంటూనే కదిలింది, ఆ చప్పుడులోనే ఆయన్ని గంగలో కలిపాం.

లాంచీ తుక్కుకు పోయాక మిగిలిన జీవితమంతా ఆయన నోయిడా సొసైటీల్లో జనరేటర్లు బాగుచేస్తూ గడిపాడు. ఇప్పుడు అవి కూడా చప్పుడు బయటికి రాని ఇనప డబ్బాల్లోకి వెళ్లిపోయాయి, లోపల ఏది వేడెక్కుతోందో మనకు తెలియదు. మెట్రో యమున దాటేటప్పుడు కిందికి చూస్తే నురగ ఉంటుంది, లాంచీ ఉండదు. పెద్దకర్మనాడు భోజనాలయ్యాక ఎవరో నన్ను ఆ వరద కథ చెప్పమన్నారు. చెప్పాను, పాడు నోరు ఊరుకోదు కదా. చీర చింపి, ఆగాను. అందరూ వింటూ కూర్చున్నారు. మా తోడల్లుడి కొడుకు తల దించుకుని నేల చూశాడు. ఏ రంగు చీర అని ఒక్కరూ అడగలేదు.