సమాధుల తోట గేటు

ఆ రోజుల్లో నాకు తెలిసి కలప రెండే రకాలు. బీరువాలూ మంచాలూ చేసేది టేకు, మిగతాదంతా పొయ్యిలోకి. డిగ్రీ పాసైన ఆడపిల్లకి అంతకన్నా తెలియాల్సిన పనేముందని నా ధీమా. విజయవాడలో బ్యాంకు పరీక్షల కోచింగులో ఉండేదాన్ని (నా పేరు అక్కడ ఉండేది, నేను మాత్రం ఎక్కువగా హాస్టల్లో పడుకుని ఉండేదాన్ని). మా ఊరు కంకిపాడు దాటాక కాలవ పక్కన. మా పెదనాన్నకి కిడ్నీలు పాడై, రోజు విడిచి రోజు డయాలసిస్ కోసం విజయవాడ వచ్చేవాడు. పెద్దమ్మ పోయింది, పిల్లల్లేరు. కాబట్టి ఆయన్ని బస్టాండులో దింపుకుని, స్కూటీ మీద ఆస్పత్రికి తీసుకెళ్ళి, తిరిగి బస్సెక్కించే డ్యూటీ నాది. నేను చదువు ఎగ్గొట్టడానికి అంత గౌరవమైన సాకు మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు.

పెదనాన్నకి తన జబ్బు గురించి పెద్ద దిగులు ఉండేది కాదు. దిగులంతా మా ఊరి సమాధుల తోట గురించి. తోటంటే తోట కాదు, నల్లరేగడి నేల ముక్క ఒకటి, చుట్టూ సరుగుడు గుంజలూ ముళ్ళతీగా. అంతకుముందు ఇనుప గేటు ఉండేది, దాన్ని ఎవరో ఊడదీసుకుపోయి పాత ఇనుము కింద అమ్ముకున్నారు. గేటు పోయిన ఖాళీలోంచి గేదెలూ పందులూ లోపలికి వచ్చేవి. ఒకరోజు పందులు పెద్దమ్మ సమాధి పక్కన మట్టి తవ్వేశాయని తెలిసి పెదనాన్న అన్నం తినలేదు. ఈసారి ఇనుము వద్దు, దొంగలు ఆశపడని చెక్క గేటు పెడదామని చర్చి కమిటీలో పట్టుబట్టింది ఆయనే.

మా చర్చిలో దానానికి ఎదురుచెప్పడం అన్నది లేదు. ఫ్యానైనా, కుర్చీలైనా, ఇచ్చినవాళ్ళ పేరు రాయించుకుని ఇస్తారు, పుచ్చుకోవాల్సిందే. చెక్క గేటు అనేసరికి ట్రెజరరు తాతగారు లేచి నిలబడి, గాలివానకి తన దొడ్లో పడిపోయిన మామిడిచెట్టుని దానం చేస్తున్నానని ప్రకటించారు. అందరూ స్తోత్రం అన్నారు. మామిడి చెక్క వానకి ఆగదని అక్కడున్న సగంమందికి తెలుసట, కానీ దానం దానమే. చెట్టు పచ్చి ఇంకా ఆరకముందే కోయించి, సందు లేకుండా పలకలు బిగించి, నీలం రంగు వేసి, మధ్యలో ఆయన పేరు రాసి నిలబెట్టారు. ఎండాకాలమంతా ఆ గేటు ఎంతో బుద్ధిగా ఉంది.

ముసురు పట్టాక ట్రెజరరు తాతగారే పోయారు. పెట్టె మోసుకుని అందరం అక్కడికి వెళితే గేటు తెరుచుకోలేదు. నీళ్ళు తాగి ఉబ్బి, కింది అంచు బురదలో దిగబడి, నిలువునా బిగుసుకుపోయింది. కుర్రాళ్ళు భుజాలు పెట్టి నెడితే పక్కనున్న సరుగుడు గుంజ కదిలింది గానీ గేటు కదల్లేదు. పాస్టరుగారు పాటలు పాడించారు, అవి అయిపోతే మొదటినుంచి మళ్ళీ పాడించారు. ఎవరో గొడ్డలి తెస్తామన్నారు. నాన్నగారి పేరు మీద గొడ్డలి పెడతారా అని కొడుకు అడ్డుపడ్డాడు. చివరికి ఛాతీ ఎత్తు ముళ్ళతీగ మీదుగా పెట్టెని ఇటునుంచి ఎత్తి అటువాళ్ళకి అందించారు. మీద కప్పిన తెల్లగుడ్డ ముళ్ళకి తగులుకుని పర్రుమని చిరిగింది. (నాకు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను, ఏడుస్తున్నాననుకుని ఎవరో వీపు నిమిరారు.) మగవాళ్ళు తీగలు వంచుకుని దూరారు. నడుం వంగని మామ్మగారు మాత్రం లోపలికి వెళ్ళలేకపోయారు. తన భర్తని మట్టిలో దించుతుంటే ఆవిడ గేటు బయటే నిలబడి, భర్త పేరున్న పలకల మీద చేతులు పెట్టుకుని, లోపలినుంచి వినబడేదాన్ని బట్టి ఏడ్చారు. అప్పుడు నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

మర్నాడు ఆ కొడుకే మనుషుల్ని పెట్టి గేటు పీకించేశాడు. పందులు మళ్ళీ వచ్చాయి. ఆ తర్వాతి డయాలసిస్ అయ్యాక పెదనాన్న స్కూటీ వెనక కూర్చుని, బస్టాండుకి వద్దు, టింబర్ డిపోకి పోనిమ్మన్నాడు.

"అమ్మాయ్, నన్నలా కంచె మీంచి అందించుకోవద్దే. బస్సు నడిపినన్నాళ్ళూ జనాన్ని డోర్లోంచే ఎక్కించాను, కిటికీలోంచి ఒక్కణ్ణి ఎక్కనివ్వలేదు. నన్ను కూడా గేటులోంచే తీసుకెళ్ళండి."

నేను స్కూటీని డిపోల వైపు తిప్పాను. చేతికి దూది కట్టుతో ఉన్న మనిషిని దుంగల మధ్య తిప్పడం మంచిది కాదని తెలుసు, ఆయనకి వేరే ఏ పనీ ముఖ్యం కాదనీ తెలుసు. అలా మేమిద్దరం ఆస్పత్రి నుంచి డిపోలకీ, డిపోల నుంచి బస్టాండుకీ తిరగడం మొదలైంది. ప్రతి డిపోలోనూ ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పేవారు. ఒకరు వేప అంటే ఇంకొకరు వేప ఎండకి మెలి తిరుగుతుందనేవారు. సరుగుడు మట్టి దగ్గర కుళ్ళుతుందన్నారు, జామాయిల్ నిలువునా పగులుతుందన్నారు. నేను అన్నీ విని, ఫోన్లో చూసి, పెదనాన్నకి మళ్ళీ లెక్చరు ఇచ్చేదాన్ని. బ్యాంకు పరీక్షలో కలప మీద ప్రశ్నలు వచ్చి ఉంటే ఆ ఏడాదే నాకు ఉద్యోగం వచ్చేది.

ఒక డిపోలో భాయిగారు మాత్రం మమ్మల్ని కుర్చీలేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి (పెదనాన్న నీళ్ళు కొలుచుకుని తాగాలి కాబట్టి రెండు టీలూ నేనే తాగాను), గేటు ఎన్నాళ్ళుండాలని అడిగారు.

"నేను లోపలికెళ్ళేటప్పుడు తెరుచుకోవాలండీ. వెళ్ళాక మూసుకోవాలి. అంతే."

భాయిగారు టీ గ్లాసు కింద పెట్టేశారు. ఈ నేలకి నల్లతుమ్మ మంచిదన్నారు. అయితే దుంగల్ని కొన్ని నెలలు కాలవ నీళ్ళలో నానేసి, తీసి నీడలో ఆరబెట్టాలి, వచ్చే ఎండాకాలానికి పనికొస్తుంది అన్నారు. పెదనాన్న నావైపు తిరిగి, మొన్న డాక్టరు ఏమన్నాడే అని అడిగాడు. డాక్టరు చెప్పిన గడువు వచ్చే ఎండాకాలం దాకా రాదు. నేను, టేకు చూద్దాం పెదనాన్నా అన్నాను. భాయిగారు చూపించిన టేకు లేత చెట్లది, సగం తెల్లచెక్కే. చేవ ఉన్న ఎర్రచెక్కయితేనే వానకీ చెదలకీ ఆగుతుంది, అలాంటిది ఇప్పుడు తన దగ్గర లేదని ఉన్నమాట చెప్పేశారు.

అలాంటిది పెదనాన్న ఇంటి అటక మీద ఉంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, బస్టాండు వచ్చేదాకా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పెద్దమ్మ పోయినప్పుడు ఒక పాత టేకుచెట్టు కోయించి ఆవిడకి పెట్టె చేయించాడు. మిగిలిన పలకలు తన పెట్టె కోసమని దాచుకున్నాడు. ఇద్దరూ ఒకే చెట్టు చెక్కలో పడుకోవాలని ఆయన కోరిక. మేం పిల్లలం దాగుడుమూతల్లో ఆ అటకెక్కితే మా అమ్మ కాళ్ళు విరగ్గొడతాననేది.

ఆ ఆదివారం పలకలు కిందికి దించుతుంటే మా అమ్మ వచ్చి, శవప్పెట్టె చెక్కతో గేటేంటి బావగారూ, ఊళ్ళో వింటే ఏమనుకుంటారు అని గోల పెట్టింది. పెదనాన్న ఒక పలక మీద దుమ్ము తుడుస్తూ నిదానంగా చెప్పాడు.

"మట్టిలో పెట్టేది ఎలాగూ మట్టయిపోవాలమ్మా, దానికి టేకెందుకు? వానలో నిలబడాల్సింది గేటు. అదీగాక, పందులు రాకపోతే మీ అక్క ప్రశాంతంగా పడుకుంటుంది. నేనెందులో పడుకుంటే ఏంలే."

మా అమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర ఏడ్చింది. నేను కూడా ఏడ్చి ఉండాల్సింది, కానీ పలకల మధ్య వేలు పట్టేంత సందు వదలాలనీ, కింది అంచు నేలకి జానెడు పైన ఉండాలనీ వడ్రంగికి ఫోన్లో చెబుతూ ఉన్నాను. గుంజలకి తాటి చేవ వేయించాం, మట్టిలోకి దిగే భాగానికి తారు పూయించాం. మిగిలిన తారు గేటుకి కూడా పూసెయ్యమన్నాడు పెదనాన్న. టేకని తెలిస్తే ఇది కూడా ఇనుప గేటు దారే పడుతుందట. ఎవరడిగినా తుమ్మ అని చెప్పమన్నాడు. పాస్టరుగారు అడిగితే ఆయనకి కూడా తుమ్మనే చెప్పాను, అదీ చర్చి మెట్ల మీద నిలబడి.

వచ్చే ఎండాకాలం దాకా పెదనాన్న ఆగలేదు. తుఫాను పట్టి వాన వదలని రోజుల్లో పోయాడు. పెట్టెల షాపువాడు ఏ చెక్క కావాలని అడిగితే, ఏదైనా తేలికైంది ఇవ్వమన్నాను. దారి పొడవునా అందరూ పెదనాన్న మంచితనం గురించి చెప్పుకుంటుంటే నాకు ఒక్క ముక్కా వినబడలేదు. తోట దగ్గరవుతున్నకొద్దీ గేటు తెరుచుకుంటుందా లేదా అన్నదొక్కటే నా ధ్యాస. చివరికి ఆగలేక, మోసేవాళ్ళని దాటుకుని బురదలో పరుగెత్తాను. అమ్మ వెనకనుంచి పిలుస్తూనే ఉంది. గడియ తీసి ఒక్కో చేత్తో ఒక్కో రెక్కని నెట్టాను. ఏ చప్పుడూ లేకుండా బార్లా తెరుచుకుంది. పెట్టె నా ముందునుంచి నేరుగా లోపలికి వెళ్ళింది, వెనకే మామ్మగారు కూడా కర్ర పోటేసుకుంటూ నడిచి వెళ్ళారు. పాస్టరుగారు గేటుని తడిమి, తుమ్మ తుమ్మేనమ్మా అన్నారు మెల్లగా. నేను నవ్వేశాను. ఆ నవ్వు చూసి మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

ఇప్పుడు నేను పామర్రులో బ్యాంకులో పనిచేస్తున్నాను. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఎవరైనా గేటుకి ఏ చెక్క మంచిదని అడిగితే అరగంట తక్కువ కాకుండా చెబుతాను, కౌంటర్ దగ్గర క్యూ ఆగినా సరే. అప్పుడు, కలప రెండే రకాలనుకున్న ఆ స్కూటీ పిల్ల గుర్తుకొచ్చి నాలో నేను నవ్వుకుంటాను. పెదనాన్నని మట్టిలో దించిన రోజు అందరూ బయటికి వచ్చేశాక గేటు మూసింది తనే. రెండు రెక్కలూ వెంట్రుకంత తేడా లేకుండా కలిశాయి, గడియ ఒక్క తోపుకి పడింది. చూశారా ఎంత బాగా కుదిరిందో అని గర్వంగా వెనక్కి తిరిగి, పెదనాన్నకి చెప్పబోయింది.