అన్న ఎక్స్‌రే, పాత స్కానర్

పుంగనూరులో నా డీటీపీ షాపుకు కొత్త కంప్యూటర్ వచ్చిన రోజే పాత స్కానర్ మూలన పడింది. దాని లావుపాటి కేబుల్ తగిలించడానికి కొత్తదానికి చోటే లేదు. అమ్మినవాణ్ణి అడిగితే, "పాతది పారేయండి సార్, కొత్తది కొనుక్కుంటే పోతాది" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. పాతదాని మూతలో లైటు ఉంది, ఫిల్ములు దాంట్లోనే స్పష్టంగా వస్తాయి. అతను అమ్మే చవక స్కానర్లకు ఆ లైటు ఎక్కడిది?

దాని అవసరం మా అన్న వల్ల పడింది. అన్న కుప్పంలో గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలో, రాతి పొడి మధ్య పనిచేసేవాడు. ఎండాకాలంలో పట్టుకున్న దగ్గు చలికాలం వచ్చినా వదల్లేదు. మదనపల్లె డాక్టరు ఎక్స్‌రే తీయించి, దాన్ని చాలాసేపు చూసి, బెంగళూరులో తనకు తెలిసిన పెద్ద డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు.

"ఉత్త దగ్గుకు బెంగళూరు యాల? ఈడ పని పోతాది" అని అన్న మొండికేశాడు. చివరికి, ఎక్స్‌రే బొమ్మను ఈమెయిల్‌లో పంపుదాం, ఆయన చూసి రమ్మంటేనే పోదాం అంటే ఒప్పుకున్నాడు.

పాత సామాన్ల కొట్లలో వెతికి, స్కానర్‌నూ కొత్త కంప్యూటర్‌నూ కలిపే కార్డొకటి తెచ్చి బిగించాను. కంప్యూటర్ కార్డును గుర్తుపడితే స్కానర్ కదలదు. స్కానర్ కదిలితే బొమ్మ నిండా గీతలు, తెల్లటి చుక్కలు. స్కానర్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు దొరికినవన్నీ ఎక్కించి చూశాను.

ఎట్టకేలకు గీతలు పోయాయి. అన్నను పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని ఎక్స్‌రే పెట్టాను. అది స్కానర్ అద్దం కన్నా పెద్దది కాబట్టి ఒక్కో వైపు విడిగా తీయాలి. కుడి ఊపిరితిత్తి తెర మీదికి పైనుంచి మెల్లగా దిగింది. పైభాగమంతా తెల్లటి చుక్కలు.

"చుక్కలు ఇంగా పోలేదునా. ఈ కంప్యూటర్‌కీ స్కానర్‌కీ పడేటట్టు లేదు" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఎడమ వైపు తీశాను. అవే చుక్కలు. ఎక్స్‌రే పక్కన పెట్టి, ఉత్త అద్దాన్ని స్కాన్ చేశాను. ఒక్క చుక్క కూడా లేదు. స్కానర్ చెడిపోయి ఉంటే బాగుండు దేవుడా అనుకుంటూ ఎక్స్‌రేను తలకిందులుగా పెట్టాను. బొమ్మతో పాటు చుక్కలూ తిరగబడి అడుగుకు వచ్చాయి.

"ఏమైందప్పా, ఉలకవు పలకవు?" అన్నాడు అన్న.

తెర మీది చుక్కలను వేలితో చూపించాను. అన్న కాసేపు తెర వైపు చూశాడు.

"పెండ్లి ఫోటోల్లో మచ్చలు తీసేస్తావు కదా?"

"తీస్తానునా."

"వీటిని గూడా తీసేసి పంపు. ఆయప్ప చూసి ఏం లేదంటాడు. నేను పనికి పోతా."

నాకు ఏడుపొచ్చింది. రెండు బొమ్మలనూ ఉన్నవి ఉన్నట్టే పంపాను. అవి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అన్న తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు.

"రమ్మంటాడా?" అని అడిగాడు.

"అంటాడునా" అన్నాను.