చుక్కమ్మ పాలివ్వని సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో భయపడే హక్కు ఒక్కరికే ఉండేది. ఆ ఒక్కరు నేను కాదు, మా మేనత్త కూతురు.

అది నాకంటే ఏడాది చిన్నది. ఎండాకాలం సెలవులిస్తే సికింద్రాబాదు నుంచి జహనుమాలో ఉన్న మా గల్లీకి వచ్చేది. బడి పిల్ల. జడలకు ఎర్ర రిబ్బన్లు, కాళ్ళకు బూట్లు. నేను బడి మొహం చూడలేదు. పొద్దున, సాయంత్రం బర్రెల పని ఉండేది కనుక ఇంట్లోనే మా బాపు ముందు కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను. ఆ అక్షరాలే ఈనాటికీ దేవుడి ముందు నాలుగు పేజీలు చదువుకోవడానికి, ఇట్లా నాలుగు మాటలు రాసుకోవడానికి పనికొస్తున్నాయి. అంతా ఆ ఎల్లమ్మ తల్లి దయ. కానీ ఆ వయసులో దయ సంగతి ఎవరికి తెలుసు? రిబ్బన్ల సంగతి తెలుసు.

రిబ్బన్లనైనా ఎట్లాగో ఓర్చుకున్నాను గానీ, దాని భయాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయేదాన్ని. ఆకాశం కాస్త ఉరిమితే చాలు, రెండు చెవులూ మూసుకుని "అమ్మమ్మా!" అని ఒక్క కేక పెట్టేది. ఇల్లంతా కదిలేది. మా అమ్మ పొయ్యి మీది గిన్నె దించి వచ్చేది. బాపు బెల్లం ముక్క తెచ్చేవాడు. మా నాయనమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని, కొంగు కప్పి, "అర్జునా, ఫల్గుణా" అంటూ పిడుగులను పక్కకు పంపే పేర్లన్నీ చదివేది. ఆ కొంగు కింద పసుపు, పాలు, వక్కపొడి కలిసిన వాసన ఉంటుందని నాకు తెలుసు. ఒకప్పుడు అది నా చోటు.

ఉరుములంటే నాకూ భయమే. కానీ నాకొక పేరు పడిపోయింది. ఎప్పుడో మా బర్రె తాడు తెంపుకుని ఛత్రినాక సడక్ మీదికి ఉరికితే, నేనొక్కదాన్నే దాని మెడ పట్టుకుని వెనక్కి తెచ్చానట. అప్పటి నుంచి నాయనమ్మ ఇంటికి వచ్చినవాళ్ళకల్లా "మా పెద్దదానికి ధైర్యం మస్తు" అని చెప్పేది. ఆ పేరు మొదట్లో పండుగకు కుట్టించిన కొత్త గౌనులా ఉండేది. రాను రాను బిగుతైపోయింది. అందరి ముందు విప్పలేను, వేసుకుని ఊపిరి తీసుకోలేను.

ఆ బర్రె పేరు చుక్కమ్మ. నుదుటి మీద తెల్లటి చుక్క ఉండేది. ఇంకో బర్రె గంగ. ఆ ఏడు గంగ చూడితో ఉండి వట్టిపోయింది కనుక ఇల్లంతా చుక్కమ్మ పాల మీదే నడుస్తోంది. అయినా తవుడులో బెల్లం కలిపి పెట్టేది గంగకే. ఒళ్ళు రుద్దేది గంగకే. చుక్కమ్మ తన పని తాను చేసుకుపోయేది. ఎవరితో పడితే వాళ్ళతో పాలు పిండించుకునే రకం కాదది. మా అమ్మ కూర్చుంటే కాలు విసిరేది. నాయనమ్మ చేతికే అలవాటు పడింది. నాయనమ్మ వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకరపోయాక నా చేతికి అలవాటైంది. బర్రె మనసు కుదుటపడితేనే పాలు పొదుగులోకి దిగుతాయి. దాన్ని మేము చేపడం అంటాం. చేపకపోతే ఎంత లాగినా చుక్క రాలదు.

ఒకరోజు మధ్యాహ్నం, మేము ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచే పక్కింటామె మా పిట్టగోడ మీదుగా తల పెట్టి కేకేసింది. ఆమె ఇంట్లో రేడియో ఉండేది.

"అమ్మా, పెద్ద తూఫాన్ వస్తుందంట! రేపటిదాంక బయిటికి రావొద్దన్నరు. మా బిడ్డకు పాలు పడుతలేవు, నీకు ఎరికే కదా. పసిదానికి మీ బర్రె పాలే దిక్కు. గాలి రాకముందే జర పిండి ఇయ్యమ్మా."

ఆమె కూతురు పురిటికి వచ్చి ఉంది. పుట్టిన ఆడపిల్లకు ఇంకా నెల కూడా నిండలేదు. గల్లీలో నీళ్ళు నిండితే ఎవరి ఇంటి నుంచి ఎవరింటికీ పోలేము. ఇంకెక్కడా పాలు దొరకవు.

ఆకాశం కామెర్లు వచ్చిన కన్నులా పచ్చబడింది. ఆకు కదలడం లేదు. ఎప్పుడూ దూరంగా వినబడే ఫలక్‌నుమా రైలు కూత ఆ పూట మా గోడ వెనక నుంచే వచ్చినట్టు వినబడింది. బాపు కొట్టం మీదికెక్కి రేకులకు తాళ్ళు కట్టి బండరాళ్ళు పెడుతున్నాడు. ఆ రాళ్ళ చప్పుడు అయినప్పుడల్లా నేను తలెత్తి రేకుల వైపు చూస్తున్నాను. ఇంకా ఒక్క చినుకైనా పడలేదు. అప్పటికే మా మరదలు నాయనమ్మ ఒళ్ళోకి చేరింది. గొంగడి కూడా కప్పించుకుంది. వాళ్ళింటికి సిమెంటు కప్పు. రేకుల ఇంట్లో పుట్టి పెరిగింది నేను, ఎగిరిపోతే నా నెత్తిమీది రేకులు ఎగిరిపోతాయి, ఒడి మాత్రం దానిది!

గొంగడిలోంచి ఒక కన్ను బయటపెట్టి అది నన్ను అడిగింది.

"నీకు భయం కాదా వదినా?"

"నాకేం భయం!" అన్నాను. అనేసి, ఆ మాట వెనక్కి వస్తే బాగుండుననుకున్నాను.

"దానికేం భయమే, పులి గది" అంది నాయనమ్మ నవ్వుతూ. పులికి ఒడి ఎవరిస్తారు?

అమ్మ చెంబు నా చేతిలో పెట్టి కొట్టంలోకి పంపింది. చుక్కమ్మ దుడ్డెను విప్పాను. అది పొదుగును గుద్ది గుద్ది చూసి, ఏమీ రాక, నా వైపు చూసి అరిచింది. దాన్ని తల్లి మొహం ముందు కట్టి నేను కూర్చున్నాను. లాగాను. మళ్ళీ లాగాను. చెంబు అడుగు తడవలేదు. చుక్కమ్మ చెవులు వెనక్కి పెట్టి, వీపు బిగించి నిలబడింది.

"ఏందే, అయిందా?" పైనుంచి బాపు.

"చేపుతలేదు బాపూ."

"మబ్బును చూసి బెదిరింది. జర ఆగి చూడు."

వాకిట్లో గిన్నె పట్టుకుని నిలబడ్డ ఖాలా లోపలికి వచ్చింది. "మబ్బు కాదు గిబ్బు కాదు భాయ్, నజర్ తగిలింది దానికి. మిర్చి తిప్పి పొయ్యిల వెయ్యండి" అంది. అమ్మ అట్లాగే చేసింది. ఆ ఘాటుకు బాపు కొట్టం మీద దగ్గాడు, ఖాలా దగ్గింది, దుడ్డె తుమ్మింది. పాలు మాత్రం రాలేదు. గోడ అవతల పసిపిల్ల ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు వింటూ ఖాలా తన ఖాళీ గిన్నెలోకి చూసుకుంది. నా చేతులు ఇంకా బిగుసుకుపోయాయి.

అప్పుడు నాయనమ్మ వచ్చింది. మరదలు ఆమె కొంగు పట్టుకుని వేలాడుతూనే ఉంది. "జర దీన్ని చూడు" అని దాన్ని మా అమ్మకు అప్పజెప్పింది. అది బావురుమంది. నాయనమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. దేవుడు క్షమించాలి, ఆ ఏడుపు నా చెవులకు ఎంత తియ్యగా ఉండిందో!

నాయనమ్మ నా పక్కన గొంతుక్కూర్చుని, పొదుగు మీదున్న నా చేతుల మీద తన చేతులు వేసింది. నా వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది. తర్వాత అందరినీ బయటికి పొమ్మంది. ఏమీ ఎరగనట్టు నాతో అంది.

"బర్రెకు భయమైతున్నట్టుంది బిడ్డా. నాకు దాని మాట తెల్వది. నీకు తెలుస్తది. దాని చెవుల అడుగు, ఏమంటదో నాకు చెప్పు."

నాకు నవ్వొచ్చింది. అయినా లేచి చుక్కమ్మ చెవి దగ్గర మొహం పెట్టాను. దాని చెవి వేడిగా ఉంది.

"ఏమంటుంది?"

"రేకులు ఎగిరిపోతయట."

"అవునా? ఇంకేమంటుంది?"

"గోడ కూలి మీద పడ్తదట."

"పాపం. ఇంకా?"

ఇంకా ఏమీ లేదందామనుకున్నాను. కానీ నా నోరు ఆగలేదు.

"అందరు గంగనే చూస్తరట. గంగకే బెల్లం పెడ్తరట. దీన్ని ఎవ్వరు చూడరట."

నాయనమ్మ నవ్వలేదు. నాకది ఇప్పటికీ గుర్తు. గడ్డం కింద చేయి పెట్టుకుని, పెద్దమనుషుల పంచాయితీలో కూర్చున్నట్టు విన్నది.

"గట్లనా! మరి ఇన్ని దినాలు చెప్పలేదేంది?"

"ధైర్యమున్న బర్రె అని నువ్వు పేరు పెట్టినవట. ఇగ ఎట్ల చెప్పాలె అంటుంది."

"గా పేరు పెట్టుడు నా తప్పేనే చుక్కమ్మా" అంది నాయనమ్మ, బర్రె వీపు మీద ఒక చేయి, నా వీపు మీద ఒక చేయి వేసి. "ధైర్యమున్నోళ్ళకు భయం కాదని ఎవరన్నరు? నా చెయ్యి చూడు, పొద్దటి సంది ఎట్ల వణుకుతుందో. మా అత్త మూసీ పొంగిన ముచ్చట చెప్పి చెప్పి నా గుండెల నింపింది. గా పోరిని ఒళ్ళె పెట్టుకున్నది దాని భయానికే అనుకుంటున్నవా? నాకు గూడ పట్టుకోనీకె ఎవరో ఒకరు కావాలె కదా."

నా వీపు మీది చేయి నిజంగానే వణుకుతోంది. మా నాయనమ్మ చేయి! అప్పటిదాకా ఆ చేయి వణకగలదని నేను అనుకోలేదు. ఇక బర్రె సంగతి మర్చిపోయాను.

"మరి నన్నెందుకు పట్టుకోలే?"

"నువ్వు అడగలే, నేను అడగలే" అంది. "ఇద్దరం ధైర్యమున్నోళ్ళమాయె."

అప్పుడు ఏడ్చాను. రిబ్బన్లకూ, బూట్లకూ, గొంగడికీ, అన్నింటికీ కలిపి ఏడ్చాను. నాయనమ్మ ఊరుకోబెట్టలేదు. గూట్లోంచి నూనె గిన్నె తెచ్చి నా అరచేతుల్లో పోసి, ఒక్కొక్క వేలూ లాగి, ముంజేతుల దాకా రుద్దింది. చేతులు మెత్తబడ్డాక "ఇగ కూసో" అంది. తాను చుక్కమ్మ డొక్కకు తల ఆనించి, నోట్లోనే ఎల్లమ్మ తల్లిని తలుచుకుంటూ కూర్చుంది. చుక్కమ్మ పెద్దగా ఒక నిట్టూర్పు విడిచింది. కాసేపటికి నా వేళ్ళ కింద పొదుగు నిండడం తెలిసింది. మొదటి ధార చెంబు అడుగున ఠంగుమంది. నాకు అంతకంటే మంచి గంట చప్పుడు ఏ గుడిలోనూ వినబడలేదు.

భయం బర్రెది కాదని ఆమెకు నా చేతులు పట్టుకోగానే తెలిసిపోయింది. ఈ మాట నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

ఖాలా పాలు కొంగు కింద పెట్టుకుని "జీతీ రహో బేటా, సల్లగ బతుకు" అని దీవిస్తూ వాళ్ళింట్లో అడుగు పెట్టిందో లేదో, గాలి వచ్చిపడింది. తలుపులు బిగించి అందరం లోపలి గదిలో కూర్చున్నాం. మరదలు మళ్ళీ ఒళ్ళోకి ఎక్కింది. నా కుళ్ళు పోయిందని చెప్పను, దాన్ని చూస్తే మళ్ళీ పళ్ళు కొరకాలనిపించింది. కానీ నాయనమ్మ చేయి ఒకటి గొంగడి దాటి నా దగ్గరికి వచ్చింది. నూనె జిడ్డుతో జారిపోతుంటే గట్టిగా పట్టుకున్నాను. ఆమె కూడా గట్టిగా పట్టుకుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నామో చెప్పలేను.

ఒక పెద్ద చప్పుడైంది. కొట్టం మీది రేకు ఒకటి తాడు తెంపుకుని ఎగిరిపోయింది.

"చుక్కమ్మ చెప్పిందే నిజమాయె" అంది నాయనమ్మ చీకట్లో. "రేకు పోయింది. మనం ఉన్నం."

తెల్లవారి ఆ రేకు ఖాలా వాళ్ళ పిట్టగోడకు ఆనుకుని దొరికింది. చుక్కమ్మ ఒళ్ళంతా తడిసి, గంగ పక్కన నిలబడి నెమరు వేస్తోంది. నాయనమ్మ తవుడులో బెల్లం కలిపి ముందు దానికి పెట్టింది.

ఇప్పుడు మా ఇంటికీ సిమెంటు కప్పే. బర్రెలు లేవు, కొట్టం చోట రెండు గదులు లేచాయి. తుఫాను కబురు రేడియోలో కాదు, అందరి ఫోన్లలో ఒక్కసారిగా కుయ్యిమంటుంది. మొన్నటి వానలప్పుడూ అట్లాగే అయింది. మనవరాలు దుప్పటి కప్పుకుని ఏడుస్తుంటే ఇల్లంతా దాని చుట్టూ చేరింది. నేను దీపం పెట్టి దండం పెట్టుకుని, నూనె గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయాను. మా కోడలు బిందెలు నింపుతోంది, కొవ్వొత్తులు వెతుకుతోంది, అన్నం వారుస్తోంది. దానికీ ఇంట్లో ధైర్యవంతురాలని పేరు. చేయి పట్టుకుని చూశాను. మంచులా ఉంది.

"చుక్కమ్మ ఏమంటుందే?" అని అడిగాను.

ఈ కథ దానికి తెలుసు. ముందు నవ్వింది. తర్వాత గంటె పక్కన పెట్టింది.

"ఆయన ఇంకా ఇంటికి రాలేదు అత్తమ్మా, ఫోన్ కలుస్తలేదు అంటుంది" అంది.

నేను దాని అరచేతుల్లో నూనె పోసి, వేళ్ళు ఒక్కొక్కటీ లాగుతూ, నా కొడుకు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.